రెండు సబ్‌వూఫర్లు, ఒక డీఎస్పీ బాక్స్: రెండూ ఒక్క సబ్‌లా పలకాలంటే ఏం చెయ్యాలి

రెండో సబ్ (సబ్‌వూఫర్, అంటే బేస్ ఒక్కటే పలికే స్పీకర్) కొనేవాళ్ళలో ఎక్కువమంది బేస్ డబుల్ అవుద్దని కొంటారు. అవుద్ది కూడా, రెండూ ఒకే టైమ్‌కి కలిసి తోస్తే 6 డీబీ (డెసిబెల్, శబ్దం ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క) దాకా పెరుగుతుంది. కానీ దానికోసమే అయితే ఒక పెద్ద సబ్ కొనుక్కుంటే సరిపోయేది. రెండో సబ్ వల్ల అసలు లాభం ఏంటంటే గదిలో బేస్ సమంగా పరుచుకోవడం. ఒక్క సబ్ ఉన్నప్పుడు సోఫాలో ఎడమ పక్క కూర్చున్నోళ్ళకి గుండె అదురుతుంది, మధ్యలో కూర్చున్నోళ్ళకి ఏమీ వినపడదు, వెనక గోడకి ఆనుకుని నిలబడితే చెవులు మూసుకుపోయినంత గుంయ్‌మంటుంది. ఈ తేడాని తగ్గించడం ఒక్క సబ్‌తో, ఎంత ఖరీదైన ఈక్యూ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత పలకాలో పెంచి తగ్గించేది) పెట్టినా కుదరదు, ఎందుకంటే ఒక సీటు కోసం తగ్గించింది పక్క సీట్లో కూడా తగ్గిపోద్ది.

నేను మొదటిసారి చేసినప్పుడు మొత్తం తిరగేసి చేశా. రెండు సబ్‌లు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పెట్టేసి, ఒక అవుట్‌ని రెండుగా చీల్చే వై కేబుల్‌తో కలిపేసి, రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే హోమ్ థియేటర్ యాంప్) తనంతట తానే కొలిచి సర్దుకునే ఆటో కాలిబ్రేషన్ నొక్కేసి, ఆ తర్వాత ఈక్యూతో గ్రాఫ్ (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత గట్టిగా ఉందో చూపించే గీత) మీద పడ్డా. మూడు రాత్రులు అదే పని, ఇక్కడ నొక్కితే అక్కడ లేస్తుంది. నాలుగో రోజు ఒక సబ్ ప్లగ్ పీకేసి విన్నా, బేస్ పెరిగింది! అంటే అప్పటిదాకా ఆ రెండూ ఒకదాన్నొకటి తినేస్తున్నాయన్నమాట. అప్పటినుంచి నా పద్ధతి ఒకటే: ముందు చోటు, తర్వాత లెవెల్, తర్వాత డిలే (ఒక సబ్ శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చెయ్యడం), రెండూ కలిసి పలుకుతున్నాయని గ్రాఫ్‌లో చూసుకున్నాకే ఈక్యూ, అన్నిటికన్నా చివర రిసీవర్. ఈ వరస మారిస్తే చేసిన పని మళ్ళీ మొదటినుంచి చెయ్యాల్సొస్తుంది.

సామాను సంగతి. సబ్‌లు రెండూ ఒకే మోడల్ అయితే సగం తలనొప్పి తగ్గినట్టే. ఒకటి సీల్డ్ (పూర్తిగా మూసిన పెట్టె), ఇంకోటి పోర్టెడ్ (గాలి గొట్టం ఉన్న పెట్టె) అయితే పోర్టు ట్యూనింగ్ (ఆ గొట్టం మోగే ఫ్రీక్వెన్సీ) చుట్టుపక్కల ఒకదాని ఫేజ్ (అల ఏ క్షణానికి పైకి, ఏ క్షణానికి కిందికి అన్నది) ఒకలా, రెండోదాని ఫేజ్ ఇంకోలా తిరుగుతుంది, 20, 25 హెర్ట్జ్ దగ్గర అవి కలవనే కలవవు, నా మాట వింటే ఆ జత వద్దు. డీఎస్పీకి (రిసీవర్‌కీ సబ్‌లకీ మధ్య కూర్చుని శబ్దాన్ని సర్దే డిజిటల్ బాక్స్) మినీడీఎస్పీ టూ బై ఫోర్ హెచ్‌డీ లాంటిది చాలు, రెండు ఇన్‌పుట్‌లు, నాలుగు అవుట్‌పుట్‌లు, ప్రతి అవుట్‌పుట్‌కి విడిగా గెయిన్ (లెవెల్), డిలే, పొలారిటీ (అలని తలకిందులు చెయ్యడం), 10 పారామెట్రిక్ ఈక్యూ ఫిల్టర్లు ఉంటాయి. వేరే కంపెనీది అయినా ఫర్లేదు, ఈ నాలుగూ అవుట్‌పుట్‌కి విడివిడిగా ఉన్నాయా లేదా అన్నదే చూసుకోండి. కొలవడానికి యూమిక్-1 లాంటి యూఎస్‌బీ మైక్, దాని సీరియల్ నంబర్‌కి వచ్చే కాలిబ్రేషన్ ఫైల్, లాప్‌టాప్‌లో ఫ్రీగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్. ఫోన్ యాప్‌తో కొలుద్దాం అనుకోకండి, చాలా ఫోన్ల మైకులు లోతు బేస్‌ని కోసేస్తాయి, మనకి కావాల్సింది సరిగ్గా అక్కడే. మైక్‌కి స్టాండ్ ఉండాలి, సోఫా దిండు మీద నిలబెడితే కుదరదు, మైక్ మీ చెవి ఎత్తులో ఉండాలి.

ఏదీ ఆన్ చెయ్యకముందు ఒక్కసారి సబ్ వెనక్కి వెళ్ళి కూర్చోండి, టార్చ్ పట్టుకుని. అక్కడ మూడు నాబ్‌లు ఉంటాయి మామూలుగా: వాల్యూమ్, క్రాసోవర్ (సబ్ ఏ ఫ్రీక్వెన్సీ దాకా పలకాలో చెప్పేది), ఫేజ్. క్రాసోవర్ నాబ్‌ని చివరిదాకా పైకి తిప్పేయండి, లేదా ఎల్ఎఫ్ఈ (సినిమాల్లో బేస్‌కి విడిగా ఉండే చానెల్) అని స్విచ్ ఉంటే దానిమీద పెట్టండి. ఫేజ్ సున్నా. సబ్ లోపల ఈక్యూ మోడ్లు, మూవీ మోడ్, మ్యూజిక్ మోడ్ అని ఏమున్నా ఆఫ్. వాల్యూమ్ రెండిటికీ సగం దగ్గర. ఆటో స్టాండ్‌బై ఉంటే కొలిచేంతవరకు ఆఫ్ చేసేయండి, లేదంటే స్వీప్ (కింది ఫ్రీక్వెన్సీ నుంచి పైదాకా పాకే కొలత శబ్దం) మొదలైన రెండు సెకన్లకి అది నిద్ర లేస్తుంది, గ్రాఫ్ అంతా చెత్త వస్తుంది, మీరేమో గదిని తిట్టుకుంటారు.

కనెక్షన్ తేలిక. రిసీవర్ సబ్ అవుట్ నుంచి డీఎస్పీ ఇన్‌పుట్ ఒకటికి ఒకే కేబుల్, డీఎస్పీ అవుట్‌పుట్ ఒకటి, రెండు నుంచి రెండు సబ్‌లకి. సాఫ్ట్‌వేర్‌లో రూటింగ్ పేజీకి వెళ్ళి ఇన్‌పుట్ ఒకటిని ఆ రెండు అవుట్‌పుట్‌లకే పంపండి, మిగతావన్నీ మూసేయండి. రిసీవర్‌కి రెండు సబ్ అవుట్‌లు ఉన్నా ఒక్కటే వాడండి, రిసీవర్‌కి మనం చూపించబోయేది ఒక్క సబ్‌నే. రిసీవర్, డీఎస్పీ, సబ్‌లు వీలైనంతవరకు ఒకే పవర్ పాయింట్ నుంచి తీసుకుంటే గ్రౌండ్ లూప్ వల్ల వచ్చే ఆ సన్నని గుయ్‌ఁమనే హమ్ చాలావరకు రాదు. హమ్ వచ్చింది కదా అని ప్లగ్‌కి ఎర్త్ పిన్ మాత్రం ఎప్పుడూ పీకొద్దు, అది ప్రాణం మీదకొచ్చే పని.

ఇప్పుడు చోటు. ఇది అన్నిటికన్నా ముఖ్యం, కాబట్టి కొంచెం లెక్క చెప్తా. శబ్దం గదిలో సెకనుకి 343 మీటర్లు పోతుంది. ఆ 343ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే ఆ పొడవు మీద వచ్చే మొదటి రూమ్ మోడ్ తెలుస్తుంది. 5 మీటర్ల పొడవైతే 34 హెర్ట్జ్, 4 మీటర్ల వెడల్పైతే 43, 3 మీటర్ల ఎత్తైతే 57. ఆ ఫ్రీక్వెన్సీల దగ్గర గది ఒక గంటలా మోగుతుంది, గోడల దగ్గర గట్టిగా, సరిగ్గా మధ్యలో ఏమీ లేకుండా. గది నట్టనడుమ కుర్చీ వేసుకున్నవాళ్ళకి బేస్ రావట్లేదంటే సబ్ మంచిది కాదని కాదు, వాళ్ళు గుంటలో కూర్చున్నారు, అంతే.

ఇక్కడ రెండో సబ్ చేసే పని చూడండి. గది ఒక చివర ప్రెషర్ పెరిగేటప్పుడు, ఆ మోడ్‌లో, రెండో చివర తగ్గుతూ ఉంటుంది. ఊయల గుర్తు తెచ్చుకోండి. ఒక సబ్ ముందు గోడ మధ్యలో, ఇంకోటి వెనక గోడ మధ్యలో పెట్టి రెండిటినీ ఒకేసారి తోయిస్తే, ఊయలని అటూ ఇటూ ఇద్దరూ ఒకేసారి ఎదురెదురుగా తోసినట్టు, అది కదలదు. 34 హెర్ట్జ్ మోడ్ పుట్టకుండానే ఆగిపోతుంది. పైగా రెండూ వెడల్పులో సరిగ్గా మధ్యలో ఉన్నాయి కాబట్టి 43 హెర్ట్జ్ మోడ్ కూడా లేవదు, ఎందుకంటే ఆ మోడ్‌కి మధ్యభాగమే గుంట, అక్కడ నిలబడి తోస్తే దానికి ఊపు రాదు. హర్మన్ కంపెనీలో టాడ్ వెల్టీ 2002 ప్రాంతంలో చేసిన పని ఇదే, దీర్ఘచతురస్రపు గదుల్లో సబ్‌లు ఎన్ని ఉండాలి, ఎక్కడ ఉండాలి అని కూర్చుని లెక్కలు కట్టాడు, ఎదురెదురు గోడల మధ్యల్లో రెండు పెడితేనే చాలావరకు పనైపోతుందని తేల్చాడు.

వెనక గోడ దగ్గర చోటు లేదా, అయితే ముందు గోడ మీదే వెడల్పులో నాలుగో వంతు, మూడు వంతుల దగ్గర పెట్టండి. 4 మీటర్ల గోడకి పక్క గోడ నుంచి 1 మీటరు, 3 మీటర్లు అన్నమాట. దీంతో వెడల్పు మోడ్లు రెండు లొంగుతాయి గానీ పొడవు మోడ్లు అలాగే ఉంటాయి, వాటిని ఈక్యూతో చూసుకోవాలి. రెండిటినీ ఒకే మూలలో పక్కపక్కన పెట్టడం మాత్రం వద్దు, గదికి అది ఒకే సబ్ కింద లెక్క. గది ఎల్ ఆకారంలోనో, ఒక పక్క పూర్తిగా తెరుచుకునో ఉంటే ఈ లెక్కలు అంత బాగా పనిచెయ్యవు, అప్పుడు నాలుగైదు చోట్ల పెట్టి కొలుచుకోవడమే మార్గం. కొలిచే ఓపిక లేకపోతే సబ్‌ని మీరు కూర్చునే చోట పెట్టి, ఒక బేస్ పాట వేసి, సబ్ పెట్టగలిగిన చోట్లన్నీ నేలమీద పాకుతూ వినండి, ఏ చోట ప్రతి స్వరం సమంగా వినపడితే అక్కడ పెట్టండి. చూసేవాళ్ళు నవ్వుతారు గానీ పనిచేస్తుంది.

లెవెల్ దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. రెండూ ఒకే మోడల్ అయితే రెండు నాబ్‌లూ ఒకేచోట పెట్టండి, తర్వాత మైక్‌ని ఒక్కో సబ్ కోన్‌కి అదే దూరంలో, ఒక అడుగు అనుకోండి, పెట్టి కొలిచి డీఎస్పీ గెయిన్‌తో సమం చెయ్యండి. కొందరు సీటు దగ్గర కొలిచి సమం చేస్తారు, అలా చేస్తే దూరంగా ఉన్న సబ్ ఎక్కువ కష్టపడుతుంది, పెద్ద సీన్‌లో అది ముందు చేతులెత్తేస్తుంది. రెండూ సమానంగా కష్టపడాలి అన్నది నా పక్షం.

ఇక డిలే. అందరూ చెప్పేది ఏంటంటే దగ్గరగా ఉన్న సబ్‌కి డిలే ఇచ్చి రెండూ సీటుకి ఒకేసారి చేరేలా చెయ్యమని. లెక్క సింపుల్, ఒక సబ్ 4.2 మీటర్లు, ఇంకోటి 1.8 మీటర్లు దూరం, తేడా 2.4 మీటర్లు, మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్ల చొప్పున 7 మిల్లీసెకన్లు. దగ్గరిదానికి 7 పెడితే సరి. కానీ ఆగండి. ముందు గోడ మధ్య, వెనక గోడ మధ్య పద్ధతిలో పెట్టినవాళ్ళు ఇలా చేస్తే ఇందాక చెప్పిన ఊయల లెక్క చెడిపోతుంది. 34 హెర్ట్జ్‌కి ఒక చుట్టు 29 మిల్లీసెకన్లు, అందులో 7 అంటే దాదాపు పావు చుట్టు, ఇద్దరూ ఒకేసారి తోయాల్సింది ఒకడు పావు చుట్టు లేటుగా తోస్తున్నాడు, ఊయల మళ్ళీ ఊగుతుంది. కాబట్టి అలాంటి పొజిషన్‌లో ముందు సున్నా డిలేతో కొలవండి, తర్వాత డిలే పెట్టి కొలవండి, రెండు గ్రాఫ్‌లు ఒకదానిమీద ఒకటి వేసుకుని చూసి తేల్చుకోండి. ఒక్క కుర్చీ కోసమే అయితే డిలే గెలవొచ్చు, నలుగురు కూర్చునే సోఫాకి చాలాసార్లు సున్నానే గెలుస్తుంది.

కొలిచే పద్ధతి. రూమ్ ఈక్యూ విజార్డ్‌లో స్వీప్ 15 నుంచి 200 హెర్ట్జ్ దాకా పెట్టండి, మొదటి స్వీప్ తక్కువ వాల్యూమ్‌లో, సబ్ పాడవకుండా. యూఎస్‌బీ మైక్ కాబట్టి అకౌస్టిక్ టైమింగ్ రిఫరెన్స్ ఆన్ చేసి ఒక మెయిన్ స్పీకర్‌ని రిఫరెన్స్‌గా ఎంచుకోండి, ఇది పెట్టకపోతే ప్రతి స్వీప్ వేరే టైమ్ మీద ఉంటుంది, రెండు సబ్‌ల ఫేజ్ పోల్చడానికి పనికిరాదు. మొదటి సబ్ ఒక్కటే, రెండో సబ్ ఒక్కటే, రెండూ కలిపి, ఇలా ప్రతి సీటుకి మూడు స్వీప్‌లు. నాలుగు సీట్లకి పన్నెండు. విసుగే, కానీ ఫలితం అంతా ఈ పన్నెండు గ్రాఫుల్లోనే ఉంటుంది.

ఏం చూడాలో చెప్తా. రెండూ కలిపిన గీత ఎక్కడైనా ఒక్కొక్కదాని గీత కంటే కిందికి దిగిందా? దిగితే అక్కడ అవి కొట్టుకుంటున్నాయి. నా గదిలో ఒక సబ్ ఒక్కటే పలికినప్పుడు 46 హెర్ట్జ్ దగ్గర 82 డీబీ, రెండోది ఒక్కటే 80, రెండూ కలిపితే 73. అంటే రెండో సబ్ పెట్టి ఉన్న 9 డీబీ పోగొట్టుకున్నా. ముందు పొలారిటీ తిప్పి చూశా, 46 దగ్గర లేచింది గానీ 30 దగ్గర కూలిపోయింది. పొలారిటీ మళ్ళీ మామూలుగా పెట్టి ఒక సబ్‌కి ఒక్కో మిల్లీసెకన్ చొప్పున డిలే పెంచుతూ పోయా. ఒకటి, రెండు, పెద్ద తేడా లేదు. మూడు దగ్గర గుంట పూడటం మొదలైంది, ఐదు దగ్గర 46 హెర్ట్జ్ గీత పైకొచ్చి నిలబడింది, ఆరు దగ్గర మళ్ళీ 60 పక్కన కొత్త గుంట పడింది, వెనక్కొచ్చి ఐదు దగ్గర ఆగిపోయా. ఆ గీత లేచినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకో కొత్త సబ్ కొన్నా కలిగేది కాదు. మీ గదిలో నంబర్లు వేరేగా ఉంటాయి, ఒక్కో మెట్టు పెంచి కొలవడం మాత్రం ఇదే. సీట్లు ఎక్కువైతే చేత్తో చెయ్యడం కష్టం, అప్పుడు మల్టీ సబ్ ఆప్టిమైజర్ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఈ కొలతలన్నీ దానికిస్తే డిలే, గెయిన్, ఫిల్టర్లు అన్నీ అన్ని సీట్లకి కలిపి వెతికి పెడుతుంది. నేర్చుకోడానికి ఒక పూట పడుతుంది, పట్టినా పర్లేదు.

ఇప్పుడు, ఇప్పుడే, ఈక్యూ. రెండు సబ్‌లకీ ఒకే ఈక్యూ పెట్టండి, అంటే ఇన్‌పుట్ వైపు ఫిల్టర్లు వెయ్యండి, విడివిడిగా వేస్తే ఫేజ్ మళ్ళీ వేరైపోతుంది. అన్ని సీట్ల సగటు గ్రాఫ్ తీసుకుని పైకి పొడుచుకొచ్చిన పీకులని కొయ్యండి, ఫ్రీక్వెన్సీ, ఎన్ని డీబీ, ఎంత వెడల్పు (క్యూ అంటారు) అని మూడు నంబర్లు ఇవ్వాలి, సన్నని రూమ్ మోడ్ పీకుకి క్యూ 4, 5 దగ్గర మొదలుపెట్టండి. గుంటలని నింపడానికి పోవద్దు. గుంట అంటే రెండు అలలు ఒకదాన్నొకటి కొట్టేసుకునే చోటు, మీరు 6 డీబీ పెంచితే రెండు అలలూ 6 డీబీ పెరుగుతాయి, గుంట గుంటగానే ఉంటుంది, యాంప్ మీద మాత్రం నాలుగు రెట్ల పవర్ పడుతుంది. 10 డీబీ అంటే పది రెట్లు. నాలుగైదు ఫిల్టర్లతో పని అయిపోవాలి, పదీ వాడాల్సొస్తోందంటే సబ్‌ల చోటు మళ్ళీ చూసుకోండి.

పోర్టెడ్ సబ్ వాడేవాళ్ళు ఇంకోటి మర్చిపోకూడదు. పోర్టు ట్యూనింగ్ కంటే కింద కోన్‌కి పట్టు ఉండదు, గాలిలో ఊగినట్టు ఊగుతుంది. మీ సబ్ ట్యూనింగ్ 20 హెర్ట్జ్ అయితే డీఎస్పీలో 18 దగ్గర ఆక్టేవ్‌కి (ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ) 24 డీబీ కోసే హై పాస్ (దానికంటే కిందివాటిని ఆపే ఫిల్టర్) పెట్టండి. చాలా సబ్‌లలో లోపలే ఉంటుంది, ఈక్యూతో కిందిభాగం పెంచితే మాత్రం అది చాలకపోవచ్చు.

చివరికి రిసీవర్. డీఎస్పీ పని అంతా అయ్యాకే ఆడిస్సీ, డిరాక్, మీ రిసీవర్‌లో ఏ ఆటో కాలిబ్రేషన్ ఉంటే అది రన్ చెయ్యండి, దానికి ఒకే సబ్ ఉందని చెప్పండి. అది సబ్ దూరం టేపుతో కొలిచినదానికంటే ఎక్కువ చూపిస్తుంది, డీఎస్పీ, సబ్ లోపలి ఎలక్ట్రానిక్స్ తీసుకునే టైమ్ అందులో కలుస్తుంది, తప్పు కాదు, టేపు లెక్క చూసి మార్చకండి. సబ్ ట్రిమ్ (రిసీవర్ సబ్‌కి పెట్టిన లెవెల్) మైనస్ 12 చూపిస్తే మాత్రం అది అడుగుకి తగిలేసింది, సబ్ వాల్యూమ్ రెండిటిదీ సమానంగా తగ్గించి మళ్ళీ చెయ్యండి. స్పీకర్లు అన్నీ స్మాల్ (అంటే వాటి బేస్ సబ్‌లకి పోతుంది), క్రాసోవర్ 80 హెర్ట్జ్, ఎల్ఎఫ్ఈ లో పాస్ (దానికంటే పైవాటిని ఆపే ఫిల్టర్) 120.

ఇక్కడ చాలామంది దెబ్బతినేది రెండు క్రాసోవర్ల దగ్గర. రిసీవర్ 80 దగ్గర కోస్తోంది, పోనీలే అని డీఎస్పీలో కూడా 80కి లో పాస్ పెడతారు, కొందరికి సబ్ వెనక నాబ్ కూడా 80 మీదే ఉంటుంది. 24 మీద ఇంకో 24 పడి ఆక్టేవ్‌కి 48 డీబీ చొప్పున కోసుకుపోతుంది, ఫేజ్ కూడా తిరిగిపోతుంది, మగవాళ్ళ గొంతు కింది భాగం, డ్రమ్ కొట్టినప్పటి ఆ దెబ్బ మాయమైపోతాయి. క్రాసోవర్ ఒక్కచోటే ఉండాలి. రిసీవర్ ఉంటే రిసీవర్‌లో. రిసీవర్ లేకుండా స్టీరియో యాంప్‌తో వాడేవాళ్ళు మాత్రం డీఎస్పీలో పెట్టుకోవాలి: ఎడమ, కుడి కలిపి రెండు సబ్‌లకి (కలిపేటప్పుడు ఒక్కోటి 6 డీబీ తగ్గించి), లింక్‌విట్జ్ రైలీ రకం 24 డీబీ లో పాస్ 80 దగ్గర, మిగతా రెండు అవుట్‌పుట్‌ల నుంచి మెయిన్ స్పీకర్ల యాంప్‌కి అదే 80 దగ్గర హై పాస్.

సబ్‌లు, స్పీకర్లు క్రాసోవర్ దగ్గర సరిగ్గా అతుక్కున్నాయో లేదో చూడటానికి నేను వాడే చిట్కా: సెంటర్ స్పీకర్, సబ్‌లు కలిపి స్వీప్ చేస్తూ, సబ్‌ల పొలారిటీ రెండిటిదీ కావాలనే తిప్పేసి, రిసీవర్‌లో సబ్ దూరం 30 సెంటీమీటర్ల చొప్పున మారుస్తూ పోండి. 80 చుట్టూ గుంట ఎక్కడ అన్నిటికన్నా లోతుగా పడుతుందో ఆ దూరం దగ్గర ఆపి, పొలారిటీ తిరిగి మామూలుగా పెట్టేయండి. తిప్పినప్పుడు బాగా కొట్టేసుకున్నవే మామూలుగా ఉన్నప్పుడు బాగా కలుస్తాయి, పైగా గుంటని కనిపెట్టడం కంటికి తేలిక.

గ్రాఫ్ సాపుగా వచ్చాక వింటే చాలామందికి చప్పగా అనిపిస్తుంది. నిజమే, మన చెవికి కింద కొంచెం ఎక్కువ ఉంటేనే బాగుంటుంది. 80 నుంచి కిందికి 30 దాకా మెల్లగా 4 నుంచి 6 డీబీ లేచేలా ఒక వాలు ఇవ్వండి, ఇన్‌పుట్ వైపు ఒక లో షెల్ఫ్ (కింది భాగాన్నంతా కలిపి లేపే ఫిల్టర్) చాలు. తర్వాత బాగా తెలిసిన పాట, బేస్ గిటార్ మెట్లు దిగుతూ వెళ్ళేది ఒకటి వేసి వినండి, ఏ స్వరమూ మిగతావాటికంటే అరవకూడదు, ఏదీ మింగేసినట్టు ఉండకూడదు. ఈ టైమ్‌లో కిటికీ అద్దాలు, తలుపు గడియ, గోడమీద ఫ్రేములు ఒక్కోటీ గలగలమంటూ బయటపడతాయి, వాటి వెనక చిన్న ఫెల్ట్ ముక్క అతికించండి, లేకపోతే ఆ గలగలని సబ్ పాడైందనుకుంటారు.

అన్నీ అయ్యాక కాన్ఫిగరేషన్ ఫైల్ లాప్‌టాప్‌లో సేవ్ చేసుకోండి, మినీడీఎస్పీ హెచ్‌డీలో నాలుగు ప్రీసెట్లు ఉంటాయి, ఒకటి వాలు ఉన్నది, ఒకటి లేనిది పెట్టుకుంటే రాత్రిళ్ళు మార్చుకోవచ్చు. రెండు సబ్‌ల వెనక నాబ్‌లు ఎక్కడున్నాయో ఫోన్‌లో ఫోటో తీసి, వాల్యూమ్ నాబ్ పక్కన పెన్సిల్‌తో గీత పెట్టండి. దుమ్ము తుడిచేటప్పుడు ఎవరి చెయ్యైనా తగిలి అది కాస్త తిరిగినా, మళ్ళీ మైక్ తీసే పనిలేకుండా ఆ గీత దగ్గరికి తిప్పేసుకోవచ్చు.